జావా ఓడ నుంచి ఉయ్యూరు మిల్లు దాకా

నూరేళ్ల కిందట బందరు బజారులో ఎవరైనా తెల్ల పంచదార కొన్నారంటే అది చాలావరకు సముద్రం దాటి వచ్చిన సరుకే. 1920ల చివర్లో మన దేశం ఏటా దాదాపు తొమ్మిది, పది లక్షల టన్నుల పంచదార దిగుమతి చేసుకునేది. అందులో సింహభాగం డచ్చివారి ఏలుబడిలో ఉన్న జావా దీవి నుంచి వచ్చేది. అప్పటికే కాలువల మీద పడవలు తిరుగుతున్నాయి. 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు పడింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరో రైలుదారి పడింది. రేవులో దిగిన బస్తా డెల్టాలోని మారుమూల కిరాణా కొట్టుకు చేరడం ఇక పెద్ద పని కాదు.

చెరకు ఈ నేలకు కొత్తదా అంటే, కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక నీటికీ కొదవ లేదు. బెల్లం వండటం ఇక్కడి రైతుకు వెన్నతో పెట్టిన విద్య. శనగపిండితో, బెల్లం పాకంతో, నేతితో రోట్లో దంచి చేసే బందరు లడ్డు ఊరి పేరును నలుదిక్కులా మోసింది. అసలు చెరకు రసాన్ని పలుకులుగా మార్చే విద్యను ప్రపంచానికి నేర్పినవారిలో మొదటివారు మనవాళ్లే. ఆ కిటుకు తెలుసుకు రమ్మని ఏడో శతాబ్దంలో చైనా చక్రవర్తి టైజోంగ్ మగధకు మనుషులను పంపాడు. ఇంత అనుభవం ఉన్న దేశం తెల్ల పంచదార కోసం జావా వైపు చూడాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?

చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ముందు గానుగ దగ్గరికి వెళ్లాలి. పెనంలో రసం తెర్లుతుంది. మడ్డి తేలితే తీసేస్తారు. పాకం ముదిరి, చేత్తో పట్టి చూస్తే ఉండ కట్టే అదను రాగానే దింపుతారు. రసంలో ఉన్నవన్నీ కలిసి దిమ్మగా గట్టిపడతాయి. బెల్లం రుచికి మూలం ఆ కలయికే. పంచదార పని దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ కావలసింది తీపి పలుకు ఒక్కటే. మిగతాదంతా దాని నుంచి విడిపోవాలి. మంట మీద ఎక్కువసేపు కాగితే ఆ పలుకు కట్టే చక్కెర విరిగి, పలుకు కట్టని మరో రకం చక్కెరలుగా మారిపోతుంది. రంగు ముదురుతుంది. వేడి లేనిదే నీరు ఇంకదు, వేడి ఎక్కువైతే చక్కెర దక్కదు. వందల ఏళ్లు మనుషులు ఈ రెండింటి మధ్యే నలిగారు.

పాతకాలంలో దీనికి ఓపిక ఒక్కటే మందు. ముతక చక్కెరను శంకువు ఆకారపు మట్టి కుండల్లో పోసి, పైన తడి బంకమట్టి పరిచేవారు. మట్టిలోని తేమ మెల్లగా కిందికి దిగుతూ నల్లటి మడ్డిని కడుక్కుంటూ పోయేది. పైభాగం తెల్లబడటానికి వారాలు పట్టేది. అలా వచ్చిన తెల్ల చక్కెర రాజుల ఇళ్లకు, వైద్యుల అరలకు తప్ప సామాన్యుడి చేతికి అందేది కాదు.

ముడిని మొదట వదులు చేసినవాడు ఎడ్వర్డ్ చార్లెస్ హొవార్డ్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త. 1800లో పాదరసంతో తయారయ్యే ఒక పేలుడు పదార్థాన్ని కనిపెట్టి, ఆ ప్రయోగాల్లోనే గాయపడ్డాడు. తరువాత ఆకాశం నుంచి పడిన ఉల్కలను పరిశీలించి, వాటి ఇనుములో నికెల్ ఉందని చూపాడు. ఇన్ని తిరుగుళ్లు తిరిగి చివరికి చక్కెర దగ్గర ఆగాడు. కొండ మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయన్న సంగతి అందరికీ తెలుసు. గాలి ఒత్తిడి తగ్గడమే అందుకు కారణం. మూత బిగించిన పాత్రలోంచి గాలిని పంపుతో తోడేస్తే పాకం కూడా తక్కువ వేడికే మరగాలి కదా అన్నది హొవార్డ్ ఆలోచన. 1813లో దానికి పేటెంటు దక్కింది. మామూలు పెనంలో నూరు డిగ్రీలు దాటితే గాని ఉడకని పాకం ఆ పాత్రలో అరవై, డెబ్భై డిగ్రీలకే ఉడికింది. చక్కెర విరగలేదు, మాడలేదు. మిల్లుల్లో ఈనాటికీ ‘పాన్’ అని పిలిచే యంత్రం పుట్టుక అదే. మూడేళ్లకే హొవార్డ్ కన్నుమూశాడు.

అయినా రసంలోని నీటినంతా ఆవిరి చేయడానికి అయ్యే కట్టెలు, బొగ్గు ఖర్చు తడిసి మోపెడయ్యేది. అమెరికాలోని లూసియానా తోటల్లో బానిసలు ఒక పెనం నుంచి ఇంకో పెనంలోకి మరిగే రసాన్ని గరిటెలతో తోడుతూ ఒళ్లు కాల్చుకునేవారు. ఆ రాష్ట్రంలోనే 1806లో నార్బర్ట్ రిల్యూ పుట్టాడు. తండ్రి తెల్ల ఇంజనీరు, తల్లి నల్లజాతి మూలాలున్న స్వతంత్ర స్త్రీ. పారిస్‌లో చదువుకుని, ఆవిరి యంత్రాల మీద పట్టు సాధించి తిరిగొచ్చాడు. మొదటి పాత్రలోంచి లేచే ఆవిరిని వృథాగా గాలిలో కలపకుండా, ఒత్తిడి మరింత తగ్గించిన రెండో పాత్రకు అదే మంటగా ఇవ్వాలన్నది అతని ఊహ. రెండో దాని ఆవిరి మూడో పాత్రకు. మొదటి ప్రయత్నాలు ఫలించలేదు. పట్టు విడవకుండా మళ్లీ మళ్లీ కట్టి, 1843లో పేటెంటు సంపాదించాడు. ఒక్కసారి రాజేసిన మంట మూడు నాలుగు పాత్రలకు పనికొచ్చింది. అయితే ఒంటి రంగు కారణంగా సొంత గడ్డ మీద అతనికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. పారిస్‌కు తిరిగి వెళ్లి కొంతకాలం ఈజిప్టు చిత్రలిపి చదువులో మునిగిపోయాడు. ముసలితనంలో మళ్లీ చక్కెర వైపు మళ్లి, యంత్రాన్ని ఇంకా మెరుగుపరిచాడు.

మూడో మెట్టు అనుకోకుండా దొరికింది. తడి బట్టలను గిరగిరా తిప్పి నీళ్లు పిండేసే యంత్రం ఒకటి 1830లలో ఐరోపాలో బయటపడింది. మడ్డితో కలిసి ఉన్న చక్కెరను కూడా అలాగే చిల్లుల బుట్టలో వేసి తిప్పితే ఏమవుతుందని ఎవరికో తోచింది. మడ్డి చిల్లుల్లోంచి బయటికి చిమ్మింది, పలుకులు బుట్ట గోడకు అంటుకుని నిలిచాయి. తడి మట్టి కింద వారాల తరబడి సాగిన పని నిమిషాల్లో ముగిసింది.

ఈ మూడు యంత్రాలనూ ఒక్క చోట చేర్చి పెద్ద ఎత్తున వాడుకున్నవారిలో జావా తోటల యజమానులు ముందు నిలిచారు. రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో తేట చేసి, మిల్లులోనే తినడానికి సిద్ధమైన తెల్ల పంచదార దించారు. పసురువాన్ పరిశోధనా కేంద్రంలో 1921లో పుట్టిన పి.ఓ.జె. 2878 అనే చెరకు కొద్ది ఏళ్లలోనే దాదాపు జావా పొలాలన్నిటినీ ఆక్రమించింది. ఆ పోటీని మన దగ్గర తట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ప్రయత్నాలు లేకపోలేదు. గోదావరి డెల్టాలోని సామర్లకోటలో 19వ శతాబ్దం చివరికల్లా దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ కర్మాగారం నిలిచింది. బెల్లాన్ని కరిగించి తెల్లగా మార్చే మిల్లులు దేశంలో అక్కడక్కడా వెలిశాయి. కాని పెనంలో ఒకసారి మంట తిన్న బెల్లంలో చక్కెర అప్పటికే కొంత విరిగిపోయి ఉంటుంది. దాన్నుంచి దక్కేది తక్కువ, ఖర్చు ఎక్కువ. జావా ధరతో పోటీ పడలేక ఆ దారి క్రమంగా మూసుకుపోయింది.

ఇంకో దెబ్బ పొలంలోనే తగిలింది. ఎర్రకుళ్లు తెగులు గోదావరి చెరకు తోటలను తినేసింది. గడ చీల్చి చూస్తే లోపల ఎర్రటి చారలు, పుల్లటి వాసన. అప్పటి మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ ఆ తెగులు అంతు చూడాలని 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రం తెరిపించాడు. అక్కడ మొదలైన దారి 1912లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రానికి చేర్చింది. మామూలుగా చెరకును ముక్కలు నాటి పెంచుతారు గనక కొత్త రకం పుట్టే అవకాశం తక్కువ. కోయంబత్తూరు గాలికి, వెలుతురుకు చెరకు బాగా పూస్తుంది, గింజ కడుతుంది. బార్బర్, ఆయన వెంట పనిచేసిన టి.ఎస్. వెంకటరామన్ ఆ పూతను ఆసరా చేసుకుని, తీపి చెరకును రెల్లుతో సంకరం చేశారు. కృష్ణ లంకల్లో, దివిసీమ ఏటిగట్ల మీద శరత్కాలంలో తెల్లగా పూసే రెల్లే అది. దానిలో తీపి లేదు. కాని తెగులును, ఎద్దడిని, నీటి ముంపును ఓర్చుకునే మొండితనం ఉంది. ఎవరూ ఖాతరు చేయని గడ్డిని చెరకుతో కలపాలన్న సాహసమే మొత్తం ఈ కథలో గొప్ప మలుపు. తరువాతి కాలంలో దక్షిణాది పొలాలను ఏలిన కో 419 రకం ఈ కృషి నుంచే వచ్చింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి కోయంబత్తూరు కో 290, రెండోది జావా గర్వించిన పి.ఓ.జె. 2878.

యంత్రం సిద్ధం, చెరకు సిద్ధం. మిగిలింది పెట్టుబడి, ధైర్యం. 1930 ప్రాంతంలో వచ్చిన ఆర్థిక మాంద్యం వడ్ల ధరను పడగొట్టింది. డెల్టా రైతు వరికి తోడుగా చేతిలో డబ్బు పడే పంట కోసం వెతుక్కున్నాడు. అదే సమయంలో కేంద్ర ప్రభుత్వం నియమించిన సుంకాల బోర్డు దేశీయ మిల్లులకు అండ కావాలని సిఫారసు చేసింది. 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. హండ్రెడ్ వెయిట్‌కు, అంటే 50 కిలోలకు పైచిలుకు సరుకుకు, 7 రూపాయల 4 అణాల సుంకం, దాని మీద అదనపు వడ్డింపు పడ్డాయి. జావా సరుకు ప్రియమైంది. 1931–32లో దేశమంతటా 32 ఉన్న ఆధునిక మిల్లులు నాలుగేళ్లలో 130 దాటాయి. లక్షల టన్నుల దిగుమతి ఆ దశాబ్దంలోనే నామమాత్రంగా మిగిలింది.

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు రైతులు ఈ అవకాశాన్ని ఒక కొత్త పద్ధతిలో అందుకున్నారు. చెరకు పండించేవారే వాటాలు వేసుకుని మిల్లు పెట్టుకోవాలనుకున్నారు. 1933–35 మధ్య దేశంలో నాలుగు సహకార చక్కెర మిల్లులు ఏర్పడితే మూడు మనవే: అప్పటి విశాఖ జిల్లాలో ఏటికొప్పాక, తుమ్మపాల, కృష్ణా జిల్లాలో ఉయ్యూరు. నాలుగోది ఉత్తరప్రదేశ్‌లోని బిశ్వాన్. మహారాష్ట్రలో సహకార మిల్లుల ఉద్యమం ఊపందుకోవడానికి పదిహేనేళ్ల ముందు సంగతి ఇది.

ఉయ్యూరు దీనికి తగిన చోటు. బెజవాడకు, బందరుకు మధ్య దారిలో ఉంది. చుట్టూ కాలువ పారే మెత్తని నేల. నరికిన చెరకును నిల్వ పెట్టకూడదు. గంటలు గడిచేకొద్దీ అందులోని చక్కెర విరుగుతూ, బరువు తగ్గుతూ పోతుంది. అందుకే చెరకు మిల్లు పట్నంలో కాదు, పొలాల నడుమే ఉండాలి. కాని చోటు కుదిరినంత మాత్రాన సరిపోదు. మిల్లు ఏడాదిలో కొన్ని నెలలే ఆడుతుంది, అప్పు మీద వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ పెరుగుతుంది. ఆ బరువు మోయడానికి రైతుల చిన్న చిన్న వాటాలు చాలేవి కావు. ఉయ్యూరు మిల్లు సహకార సంఘంగా నిలదొక్కుకోలేకపోయింది.

అక్కడితో కథ ముగిసిపోయేదే. అప్పుడే వెలగపూడి రామకృష్ణ ముందుకు వచ్చారు. కృష్ణకు అవతలి ఒడ్డున, రేపల్లె ప్రాంతపు బెల్లంవారిపాలెంలో 1896లో పుట్టి, ఐ.సి.ఎస్. అధికారిగా ఎదిగిన మనిషి. అందరూ దండం పెట్టే కొలువును కాదనుకుని పరిశ్రమల బాట పట్టారు. 1941లో కె.సి.పి. కంపెనీ స్థాపించి ఉయ్యూరు మిల్లును చేపట్టారు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. యంత్రాల విడిభాగాలు సముద్రం దాటి రావడం గగనమైన రోజులు. అలాంటి రోజుల్లో కుంటుతున్న మిల్లును నిలబెట్టడమంటే ఏటికి ఎదురీదడమే. ఆ మిల్లు నిలిచింది, పెరిగింది. రోజుకు 7,500 టన్నుల చెరకు ఆడే సామర్థ్యానికి చేరుకుంది.

క్రషింగ్ సీజనులో ఆ మిల్లు పనిని దగ్గరగా చూస్తే పై శతాబ్దాల కథంతా ఒక్క పూటలో కళ్ల ముందు జరుగుతుంది. కటింగ్ ఆర్డరు అందిన రైతు చెరకు నరికించి తెస్తాడు. కాటా మీద తూకం అయ్యాక గడలు ముక్కలై రోలర్ల మధ్య నలుగుతాయి. పిప్పి నేరుగా బాయిలర్‌కు పోయి మిల్లుకు కావలసిన ఆవిరినంతా తానే ఇస్తుంది. ముదురాకుపచ్చ రంగు రసం సున్నపు పాలతో, గంధకపు పొగతో కలిసి, మడ్డి దిగి లేత పసుపు తేటగా మారుతుంది. రిల్యూ పాత్రల వరసలో అది చిక్కబడుతుంది. ఆపైన పాన్ దగ్గర నిలబడిన మనిషి చేతిలో ఉంటుంది అసలు విద్య. పాకం అదనుకు రాగానే మెత్తని పంచదార పొడిని విత్తనంగా చల్లుతాడు. కాసేపటికొకసారి చుక్క తీసి, వేళ్ల మధ్య తీగ సాగదీసి, గాజు పలక మీద దీపానికి ఎదురుగా పెట్టి పలుకులు చూస్తాడు. తొందరపడితే పిండి పలుకు పుట్టుకొచ్చి పాకం చెడుతుంది, ఆలస్యమైతే పలుకులన్నీ అంటుకుని ముద్దవుతాయి. చివర సెంట్రిఫ్యూగల్ బుట్టలోకి గోధుమరంగు ముద్ద పడుతుంది. బుట్ట వేగం అందుకుంటుంది, నీళ్లు సన్నగా చిమ్ముతాయి, చూస్తుండగానే ముద్ద తెల్లబడుతుంది. వంద కిలోల చెరకుకు చేతికి వచ్చేది రమారమి పది కిలోలు.

పంచదార తయారైనంత మాత్రాన అది ఇంటింటికీ చేరినట్టు కాదు. యుద్ధం మూలంగా సరుకు కొరవడి 1942లో ప్రభుత్వం పంచదార మీద నియంత్రణ పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏదో రూపంలో అది సాగింది. 1967 నుంచి పాక్షిక నియంత్రణ పద్ధతి నడిచింది. మిల్లు తన ఉత్పత్తిలో కొంత భాగాన్ని లెవీగా ప్రభుత్వానికి ఇవ్వాలి, అది రేషను కార్డు మీద చవకగా అందాలి. మిగిలింది బజారులో అమ్ముకోవచ్చు, కాని ఏ నెల ఎంత వదలాలో ఢిల్లీయే చెప్పేది. లెవీ 2013లో గాని పూర్తిగా పోలేదు. డెల్టాలో పేదింటి పండుగ పాయసానికి తెల్ల పంచదార అందిందంటే మిల్లుతో పాటు ఈ పంపిణీ కూడా కారణం.

ఉయ్యూరు ఇచ్చిన ధైర్యంతో డెల్టాలో మిల్లులు పెరిగాయి. గుడివాడకు ఉత్తరాన హనుమాన్ జంక్షన్‌లో సహకార మిల్లు వచ్చింది. దివిసీమ ముఖద్వారంలో, చల్లపల్లి దగ్గర లక్ష్మీపురంలో చల్లపల్లి షుగర్స్ వెలిసింది. తరువాతి కాలంలో అదీ కె.సి.పి. గూటికే చేరింది. చల్లపల్లి మిల్లు దేశానికి ఇంకో మేలు చేసింది. యంత్రాలు బిగించి ఉత్పత్తి మొదలుపెట్టేలోగా అప్పు మీద కట్టిన వడ్డీని యంత్రాల ఖరీదులో కలపాలా వద్దా అన్న పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కలపవచ్చని 1974లో తీర్పు వచ్చింది. మొదటి బస్తా నిండకముందే పరిశ్రమ మోసే బరువును చట్టం గుర్తించింది. ఆదాయపు పన్ను చదివే ప్రతి విద్యార్థీ నేటికీ చల్లపల్లి పేరు తలచుకోవాల్సిందే.

రామకృష్ణ అక్కడితో ఆగలేదు. యంత్రాల కోసం విదేశాల వైపు ఎంతకాలం చూడటమని, 1955లో మద్రాసు పక్క తిరువొత్తియూరులో ఇంజనీరింగ్ కర్మాగారం మొదలుపెట్టారు. అక్కడ చక్కెర మిల్లు యంత్రాలు తయారయ్యాయి. పొలం వైపు పని కూడా ఆగలేదు. ఉయ్యూరు చెరకు పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు ఈ నేలకు తగిన రకాలు తీశారు. 83వి15, 2003వి46 వంటి పేర్లు చెరకు రైతులకు ఇంటి పేర్లంత పరిచయం. ఒక రకం నిలబడాలంటే ఏళ్ల తరబడి వేల మొక్కల్లోంచి ఏరాలి, తెగులు సోకించి చూడాలి, నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శి తోటలోనూ దిగుబడి తగ్గలేదని తేల్చుకోవాలి. ఆ ఓర్పుకు చప్పట్లు కొట్టేవారు తక్కువ.

ఇప్పుడు సముద్రం మీద పంచదార దారి మారింది. కాకినాడ తీరంలో బ్రెజిల్ వంటి దేశాల ముడి పంచదారను తెచ్చి, కరిగించి, శుద్ధి చేసి, తెల్ల పంచదారగా విదేశాలకు పంపే రిఫైనరీ పనిచేసింది. చెరకు లేకుండానే రేవు పక్కన పంచదార చేయవచ్చని అది రుజువు చేసింది. డెల్టా మిల్లులు మరో దారి పట్టాయి. మడ్డి నుంచి స్పిరిట్టు, పిప్పి నుంచి కరెంటు తీయడం నేర్చుకున్నాయి.

అయితే కొత్త చిక్కుముడి ఒకటి బిగుస్తోంది. చెరకు నరికే కూలీలు దొరకడం లేదు, ఖర్చు పెరిగింది, చేపల చెరువులు పొలాలను పిలుస్తున్నాయి. చెరకు వేసే రైతు తగ్గితే ఎంత గొప్ప యంత్రమైనా ఊరకే నిలబడాలి. హొవార్డ్ వేడిని జయించాడు, రిల్యూ ఇంధనాన్ని జయించాడు, వెంకటరామన్ తెగులును ఎదిరించాడు, రామకృష్ణ పెట్టుబడి కొరతను దాటారు. ఇక మిగిలింది రైతుకు గిట్టుబాటు. దాన్ని సాధించేవారికి ఈ వరసలో చోటు సిద్ధంగా ఉంది. వాళ్లు కృష్ణా డెల్టా నుంచే రావాలని కోరుకుందాం, ఎందుకంటే ఈ విద్యకు ఇంత చెమట ధారపోసిన నేల ఇది.